వాగ్గేయకారుడి పాత ఫోటో మీ ఇంట్లో ఉందా? విశాఖ ఉప్పుగాలిలో దాన్ని కాపాడుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

తాతల కాలం నాటి ఒక సంగీత విద్వాంసుడి ఫోటో మీ ఇంట్లో గోడకి వేలాడుతూ ఉంటే ముందు దాన్ని దించండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. మన ఊళ్ళో గోడంటే చెమ్మ. వర్షాకాలంలో బయటి గోడ లోపలి వైపు కూడా చల్లగా తడి తగులుతుంది, ఆ తడి ఫ్రేము వెనక అట్టలోకి, అట్టలోంచి ఫోటోలోకి ఎక్కుతుంది. ఎంవీపీ కాలనీ అయినా పాత పోస్టాఫీసు వైపు అయినా పెద్ద తేడా ఉండదు, సముద్రం అందరికీ దగ్గరే. గోడ మీద ఉండాల్సింది కాపీ. అసలు ఫోటో ఉండాల్సింది పెట్టెలో, చీకట్లో, పొడిగా.

ఇలాంటి ఫోటోలు మన వైపు ఇళ్ళలో ఉండటానికి కారణం ఉంది. ఇక్కడికి అరవై కిలోమీటర్ల దూరంలోని విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ఆయన తర్వాత 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ బాధ్యత తీసుకున్నారు. అక్కడ చదువుకున్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు, హరికథలు చెప్పించిన కుటుంబాలు గురువుగారి ఫోటో ఒకటి దాచుకునేవాళ్ళు. కొన్ని పటం కట్టి పూజ గదిలో ఉన్నాయి, కొన్ని ట్రంకు పెట్టెలో పెళ్ళి ఫోటోల కింద ఉన్నాయి.

అది ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. త్యాగరాజ స్వామి 1847లో సమాధి అయ్యారు, ఆయన ఫోటో లేదు. మనం దండ వేసేదంతా చిత్రకారులు ఊహించి గీసిన రూపానికే. ఆయన పోయిన రెండేళ్ళకి, 1849లో, పారిస్‌లో కన్నుమూసిన పియానో విద్వాంసుడు, స్వరకర్త షోపాన్‌కి మాత్రం ఫోటో ఉంది, మనిషి అలసిపోయి కూర్చున్న తీరు కూడా అందులో తెలుస్తుంది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో, శ్యామశాస్త్రి 1827లో పోయారు, అప్పటికి ఫోటోగ్రఫీ ఇంకా లోకానికి తెలియదు. తర్వాత తరం వాగ్గేయకారుల నుంచే మనకి నిజమైన ముఖాలు మిగిలాయి. మీ చేతిలో ఉన్నది అలాంటి ముఖం కావచ్చు. అందుకే కింద చెప్పేవన్నీ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి: ఆ ముఖాన్ని పోనివ్వకూడదు, మార్చనూ కూడదు.

పటం విప్పడం

పటాన్ని విప్పకముందే ఫోన్‌తో ముందు, వెనక, నాలుగు మూలలు ఫోటో తీసి పెట్టుకోండి. వెనక కాగితం మీద పటం కట్టిన షాపు చీటీ, పెన్సిలు రాత, పాత వార్తాపత్రిక ముక్క ఏదైనా ఉండొచ్చు, అవి తేదీకి ఆధారాలు, చించి పారేయకండి.

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోండి. కొత్త నైట్రైల్ గ్లవ్స్ ఉంటే ఇంకా మంచిది. బల్ల మీద శుభ్రమైన తెల్లటి కాటన్ గుడ్డ పరిచి, పటాన్ని బోర్లించి, వెనక మేకుల్ని సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే బయటికి లాగండి. మన దగ్గర అవి తుప్పు పట్టి విరిగిపోతాయి, బలవంతంగా తిప్పితే అట్ట పగులుతుంది. ఫ్యాన్ ఆపండి. ఏసీ గదిలోంచి తెచ్చిన వెంటనే బయటి గాలిలో విప్పకండి, అద్దం మీద నీటి ఆవిరి పడుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. టార్చిలైటు ఏటవాలుగా వేసి అద్దం వైపు నుంచి చూడండి. ఎక్కడైనా తడిసినట్టు ముదురుగా, మెరుస్తూ మచ్చలు కనిపిస్తే ఫోటో అక్కడ అద్దానికి అంటుకుపోయినట్టే. ఫోటో మీద పొర జెలటిన్, చెమ్మకి అది జిగురుగా మారి అద్దాన్ని పట్టేస్తుంది. లాగకండి. బ్లేడు పెట్టకండి. హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. అద్దంతో సహా అలాగే ఉంచి, అద్దం మీంచే కాపీ తీసి, పెట్టెలో పెట్టండి. విడదీయడం ఫోటోల కన్సర్వేటర్, అంటే పాత ఫోటోలు బాగుచేసే నిపుణుడు, చేయాల్సిన పని. "ఆవిరి పడితే ఊడొచ్చేస్తుందండీ" అని చెప్పేవాళ్ళు ప్రతి బజారులో దొరుకుతారు, వాళ్ళ మాట వినకండి, ముఖం సగం అద్దానికి ఉండిపోతుంది.

అది నిజంగా ఫోటోనేనా?

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, చవకదే. దాంతో చెంప భాగం చూడండి. వరుసగా చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది ప్రెస్సులో అచ్చయిన బొమ్మ, క్యాలెండరు నుంచో పత్రిక నుంచో కత్తిరించి పటం కట్టించినది. అయినా పారేయాల్సిన పని లేదు, ఎందుకంటే ఆ అచ్చుకి మూలమైన ఫోటో ఈపాటికి పోయి ఉండొచ్చు.

చుక్కలు లేకపోతే చూడాల్సింది రంగు, కాగితం. పల్చటి కాగితాన్ని మందపాటి అట్టకి అతికించి, చాయ ఊదా గోధుమ రంగులో ఉండి, తెల్లగా ఉండాల్సిన పంచె, ఉత్తరీయం పసుపు పచ్చగా మారి, భూతద్దంలో కాగితం పీచు కూడా కనబడుతుంటే అది బహుశా ఆల్బుమెన్ ప్రింటు, గుడ్డు తెల్లసొనతో చేసిన కాగితం మీద ముద్రించినది, 19వ శతాబ్దపు వస్తువు. దాన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి, చెమ్మ తగిలేకొద్దీ ఆ పసుపు ముదురుతుంది. కాగితం పీచు కనబడకుండా నున్నగా ఉండి, నల్లటి భాగాల అంచుల్లో నీలి వెండి మెరుపు కనిపిస్తే జెలటిన్ సిల్వర్ ప్రింటు, 1890ల నుంచి 1960ల దాకా మన స్టూడియోల్లో ఎక్కువగా వాడింది ఇదే. ఆ మెరుపు మురికి కాదు. గాలిలోని చెమ్మ, గంధకం కలిసిన పొగ వల్ల లోపలి వెండి పైకి వచ్చి పొరగా కట్టింది. రేవు, ఫ్యాక్టరీలు ఉన్న మన ఊళ్ళో ఇది తొందరగా వస్తుంది. తుడిస్తే బొమ్మే పోతుంది.

అట్ట కొలవండి. సుమారు 10.8 సెంటీమీటర్ల వెడల్పు, 16.5 ఎత్తు ఉంటే క్యాబినెట్ కార్డు, అంటే ఆ కాలపు స్టూడియోలు అట్టకి అతికించి ఇచ్చిన పెద్ద సైజు ఫోటో. 6.4, 10 దగ్గర ఉంటే విజిటింగ్ కార్డు సైజు, పారిస్‌లో డిస్డేరి అనే ఫోటోగ్రాఫర్ 1854లో పేటెంటు తీసుకున్న పద్ధతి. అట్ట అడుగున స్టూడియో పేరు, ఊరు ఉంటాయి. మద్రాసు వీలే అండ్ క్లైన్ లాంటి పేరో, సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ పేరో కనిపిస్తే కాలం చాలావరకు తేలుతుంది. కాగితం వెనక ఫోటో కాగితం తయారుచేసే గేవర్ట్ కంపెనీ పేరు ఒక్కటే ఉంటే, అది 1964లో అగ్ఫాతో కలిసిపోక ముందు తయారైన కాగితం కావచ్చు.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. నోట్లు దొంగవో కావో చూసే యూవీ టార్చి తెచ్చి, చీకటి గదిలో ఒక్క క్షణం ఫోటో అంచు మీద, వెనక వేయండి. కాగితం నీలి తెలుపులో వెలిగితే అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉంది, ఫోటో కాగితాల్లో అది 1950ల తొలి ఏళ్ళ నుంచే వచ్చింది. నారాయణదాసు గారు 1945లో పోయారు కాబట్టి ఆయన ఫోటో అలా వెలిగితే అది ఆయన పోయిన తర్వాత తీసిన కాపీ. వెలగకపోతే మాత్రం పాతదని రుజువైనట్టు కాదు, తర్వాతి కాగితాల్లోనూ వెలగనివి ఉన్నాయి.

ఎవరు, ఎప్పుడు, తిరగబడిందా

ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరని చెప్పారో మొదట రాసుకోండి, చెప్పినవాళ్ళ పేరుతో సహా, అన్న మాటల్లోనే. తర్వాత కాలం సరిపోతుందో చూడండి. వాగ్గేయకారుల్లో పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ 1902లో, హరికేశనల్లూరు ముత్తయ్య భాగవతార్ 1945లో, మైసూరు వాసుదేవాచార్యులు 1961లో పోయారు. కాగితం వయసు, మనిషి వయసు, చనిపోయిన సంవత్సరం ఈ మూడూ పొసగకపోతే పేరు తప్పు కావచ్చు, లేదా చేతిలో ఉన్నది కాపీ కావచ్చు. వేరే ఫోటోతో పోల్చేటప్పుడు మీసం, తలపాగా చూసి నమ్మకండి, చెవి ఆకారం చూడండి, తమ్మె అతుక్కుని ఉందా వేలాడుతోందా, మడత ఎలా తిరిగింది అని.

పాత కాపీల్లో నెగెటివ్ తిరగేసి ముద్రించడం మామూలే, కాబట్టి కుడి ఎడమలు తప్పకుండా సరిచూడాలి. దీనికి జంధ్యం చాలు. మామూలుగా అది ఎడమ భుజం మీంచి కుడి పక్కకి దిగుతుంది, అంటే ఫోటో చూసే మనకి కుడి చేతి వైపున్న భుజం మీద కనబడాలి. వీణ ఉంటే కుండ వాయించే మనిషి కుడి వైపు ఉండాలి, వయొలిన్ అయితే కమాను కుడి చేతిలో ఉండాలి. కోటు వేసుకుంటే ఆ మనిషి ఎడమ వైపు అంచు పైన ఉంటుంది. వీటిలో రెండైనా తిరగబడి ఉంటే బొమ్మే తిరగబడిందని రాసిపెట్టుకోండి, కానీ స్కాన్ చేసిన మూల ఫైలుని తిప్పకండి, ఆ పని కాపీలో చేయండి.

దుమ్ము

మెత్తటి కొత్త బ్రష్‌తో మధ్య నుంచి అంచులకి తేలికగా తుడవండి, కెమెరా లెన్సుకి వాడే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. అంతే. నీళ్ళు, కోలిన్, స్పిరిట్, తడిగుడ్డ, రబ్బరు, సెలోటేపు ఏవీ వద్దు. పొర లేచి ఉంటే బ్రష్ కూడా వద్దు. కుంకుమ, గంధం అద్దం మీదే ఉంటే అద్దం వేరు చేశాక దాన్ని విడిగా కడగొచ్చు, ఫోటో మీదికి కారి ఉంటే అలాగే వదిలేయండి, గీకితే కుంకుమతో పాటు నుదురూ పోతుంది.

స్కాన్ చేయడం

మనకి కావాల్సింది ఫ్లాట్‌బెడ్ స్కానర్. ఆఫీసుల్లో ఉండే పల్చటి స్కానర్లు ఎక్కువగా సీఐఎస్ రకం, అద్దానికి పూర్తిగా ఆనని దేన్నైనా మసకగా తీస్తాయి. ఒంగిన అట్ట, అద్దానికి అంటుకున్న ఫోటో ఉన్నవాళ్ళు సీసీడీ రకం వెతుక్కోండి లేదా కెమెరాతో తీయండి. ఒంగిన అట్టని మూతతో నొక్కకండి, నూరేళ్ళ అట్ట పుటుక్కున విరుగుతుంది. మూత తెరిచే ఉంచి పైన నల్ల గుడ్డ కప్పితే సరిపోతుంది.

క్యాబినెట్ కార్డుకి కనీసం 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), దానికన్నా చిన్న ఫోటోకి 1200. నలుపు తెలుపే కదా అని గ్రే మోడ్‌లో తీయకండి, కలర్‌లోనే తీయండి, ఎందుకంటే ఆ గోధుమ చాయ, పసుపు మచ్చ, వెండి మెరుపు అన్నీ సమాచారమే, తర్వాత మచ్చని బొమ్మ నుంచి వేరు చేయడానికి ఆ రంగు తేడానే పనికొస్తుంది. నాణ్యత తగ్గించకుండా ఉంచే టిఫ్ ఫైలుగా దాచండి. 600 డీపీఐలో క్యాబినెట్ కార్డు సుమారు 2550, 3900 పిక్సెళ్ళు వస్తుంది, మామూలు 24 బిట్ కలర్‌లో 30 ఎంబీ, 48 బిట్‌లో 60. ఈ రోజుల్లో ఆ సైజు పెద్ద లెక్క కాదు. సాఫ్ట్‌వేర్‌లో దుమ్ము తొలగించడం, షార్ప్ చేయడం, రంగు సరిచేయడం అనే ఆటోమేటిక్ ఆప్షన్లన్నీ ఆపేయండి. అట్ట అంచుల బయట కొంచెం ఖాళీ వచ్చేలా తీయండి, ముఖం మాత్రమే కత్తిరించి తీయకండి. వెనక వైపు కూడా స్కాన్ చేయండి, ఏమీ లేదనిపించినా సరే.

వెండి మెరుపు ఎక్కువగా ఉన్న ఫోటోలో స్కానర్ వెలుతురు తిరిగి కొట్టి నలుపంతా బూడిదగా వస్తుంది. అప్పుడు కెమెరా మేలు: ట్రైపాడ్, ఫోటోకి సమాంతరంగా లెన్సు, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో ఒకే రకం ఎల్ఈడీ లైట్లు, ఐఎస్ఓ 100, ఎఫ్8, రా ఫైలు (కెమెరా తన వైపు నుంచి మార్చకుండా ఇచ్చే ఫైలు). లైట్ల మీద, లెన్సు మీద పోలరైజర్లు (తిరిగి కొట్టే వెలుతురుని ఆపే ఫిల్టర్లు) పెట్టి తిప్పితే ఆ మెరుపు చాలావరకు చచ్చిపోతుంది. ఫోన్‌తో తీయడం ఏమీ లేనిదానికన్నా నయం, అంతకుమించి దాని మీద ఆధారపడొద్దు.

రిపేరు చేయడం, ముఖం మార్చకుండా

ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

మూల ఫైలుని తాకకుండా కాపీ చేసుకుని, గింప్‌లోనో ఫోటోషాప్‌లోనో తెరిచి, ప్రతి పనీ కొత్త లేయర్ మీద చేయండి. ముందు కర్వ్స్‌తో వెలుగు నీడలు సరిచేయండి, పాలిపోయిన ఫోటో సగం ఇక్కడే తిరిగొస్తుంది. తర్వాత వెనక తెర, బట్టలు, నేల మీది గీతల్ని హీలింగ్ టూల్‌తో పూడ్చండి. ముఖం, చేతులు, వాద్యం దగ్గరికి వచ్చేసరికి ఆగండి.

చెంప మీద చిన్న గుంటలు కనిపిస్తాయి. బూజు మచ్చలా, స్ఫోటకం మచ్చలా? ఆ కాలంలో స్ఫోటకం వచ్చి బతికినవాళ్ళు ఎందరో, ఆ మచ్చలు ఆ మనిషి ముఖంలో భాగం. నుదుటి మీద నల్లటి చుక్క చూసి మరక అనుకుని తుడిచేస్తారు, అది బొట్టు. పాత ప్లేట్లకి ఎరుపు దాదాపు కనబడదు, అందుకే ఎర్రటి కుంకుమ నల్లగా పడుతుంది, మన ఒంటి రంగు ఉన్నదానికన్నా ముదురుగా పడుతుంది, నీలం తెల్లబోతుంది. ఏది మరకో ఏది మనిషో తేల్చుకోడానికి స్క్రీను మీద జూమ్ చేస్తే లాభం లేదు, అసలు ఫోటో దగ్గరికి వెళ్ళండి. ఏటవాలు వెలుతురులో భూతద్దంతో చూస్తే, పొర మీద గుంటగానో గడ్డగానో ఉన్నది దెబ్బ, పొర నున్నగా ఉండి బొమ్మలోనే ఉన్నది మనిషిది. తేలకపోతే అలాగే వదిలేయండి. కన్ను, ముక్కు, పెదవి మీద చీలిక ఉంటే ఆ చీలికని ఉంచేయడమే నా పద్ధతి, పక్క ప్రాంతం నుంచి పిక్సెళ్ళు తెచ్చి కన్ను గీయను.

ఇప్పుడు ఏఐ యాప్‌ల సంగతి. ఒక్క నొక్కుతో ముఖం తళతళ మెరుస్తుంది, ఇంట్లో అందరూ సంతోషపడతారు, కానీ ఆ ముఖం ఆయనది కాదు. మసకగా ఉన్న చోట ఆ యాప్ తాను ఎక్కడెక్కడో నేర్చుకున్న ముఖాల నుంచి కనురెప్పలు, పళ్ళు, చర్మం తెచ్చి పెడుతుంది. మసక ఫోటోలో ఆయన పోలిక కొంతైనా ఉంటుంది, తేట ఫోటోలో పరాయి మనిషి కూర్చుంటాడు. వాద్యాలకీ ఇదే గతి: తంబురకి నాలుగు తీగలు, వీణకి మొత్తం ఏడు, యాప్ వాటిని కలిపేస్తుంది లేదా పెంచేస్తుంది, హరిదాసు చేతిలో చిడతలు ఏదో చెక్కముక్కలా తయారవుతాయి. రంగులు వేయడం మరీ ఘోరం, పైన చెప్పినట్టు ఆ ప్లేటే రంగుల్ని తారుమారు చేసి పట్టింది, శాలువా రంగు అందులోంచి తెలిసే దారి లేదు. ఎవరైనా ముచ్చటపడి చేస్తే చేయనివ్వండి, కానీ ఫైలు పేరులోనూ బొమ్మ అడుగునా "ఏఐతో మార్చినది" అని రాయించండి, మూల స్కాన్ లేకుండా దాన్ని ఒక్కదాన్నే వాట్సాప్‌లో వదలొద్దని చెప్పండి. వచ్చే ఏడాది జయంతికి వేదిక వెనక బ్యానర్ మీదికి ఎక్కేది ఆ ముఖమే.

ఫైలు పేరులో మనిషి పేరు, సుమారు సంవత్సరం, మూలమా కాపీనా అన్నది ఉండాలి. వివరాల్లో ఎవరి ఇంట్లోది, ఎవరు గుర్తుపట్టారు, ఎప్పుడు స్కాన్ చేశారు అని రాయండి. రెండు హార్డ్ డిస్కులు, ఒక క్లౌడ్, వాటిలో ఒక డిస్కు వేరే ఊళ్ళో చుట్టాలింట్లో ఉంచండి.

అసలు ఫోటోని దాచడం

పుస్తకాల్లో 30 నుంచి 50 శాతం తేమ అని రాస్తారు. విశాఖలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం దాటే ఉంటుంది, 65 దాటితే బూజుకి పండగే. కాబట్టి గది మొత్తాన్ని కాకుండా పెట్టెని పొడిగా ఉంచడం మన పని. ఫోటోని ఆమ్లం లేని కాగితంలో చుట్టి, ఆమ్లం లేని అట్టపెట్టెలో బల్లపరుపుగా పెట్టి, ఆ పెట్టెని గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో, తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్‌తో, సిలికా జెల్ సంచితో పాటు ఉంచండి. నారింజ రంగు జెల్ తీసుకోండి, తేమ పీల్చాక ఆకుపచ్చగా మారుతుంది, ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్ళీ పనికొస్తుంది. జెల్ ఫోటోకి తగలకూడదు. 30 కంటే కిందికి దిగితే కొంత జెల్ తీసేయండి, మరీ ఎండితే ఫోటో చుట్టుకుపోయి పొర పగులుతుంది. కెమెరాల డ్రై క్యాబినెట్ ఉన్నవాళ్ళకి ఈ తంటా లేదు, 40 దగ్గర పెట్టేయండి.

పీవీసీ కవర్లు, అంటుకునే ఆల్బమ్‌లు, లామినేషన్ వద్దు. లామినేషన్ చేస్తే ఇక వెనక్కి రాదు. కలరా ఉండలు, కర్పూరం కూడా పెట్టెలో వేయకండి. చెదలు, బొద్దింకలు రాకుండా పెట్టెని నేల మీద, గోడకి ఆనించి పెట్టకుండా బీరువా మధ్య అరలో పెట్టండి, నెలకోసారి తెరిచి చూడండి. వెనక పేరు రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, నొక్కకుండా రాయండి, బాల్ పెన్ గీత ముఖం వైపుకి ఉబ్బుతుంది.

గోడకి, పూజకి మంచి ప్రింటు వేయించండి. పిగ్మెంటు ఇంకుతో మ్యాట్ కాగితం మీద ముద్రించమని అడగండి, అద్దానికీ ప్రింటుకీ మధ్య మౌంటు అట్ట తప్పకుండా పెట్టించండి. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనప్పుడు గురువుగారి పటం కూడా బయటపెట్టే ఇళ్ళు మన దగ్గర ఉన్నాయి. దండ, సాంబ్రాణి, దీపం, బొట్టు అన్నీ ఈ పటానికి నిశ్చింతగా చేసుకోవచ్చు.

తుపాను వచ్చి తడిస్తే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కిటికీలు పగలగొట్టి ఇళ్ళలోకి నీళ్ళు తెచ్చింది, మళ్ళీ రాదన్న నమ్మకం లేదు. కాగితం ఫోటోలు తడిస్తే టైము 48 గంటలు, ఆ తర్వాత బూజు మొదలవుతుంది. బురద ఉంటే శుభ్రమైన చల్లటి నీళ్ళ పళ్ళెంలో, బొమ్మని తాకకుండా, మెల్లగా కదిపి తీయండి. గాజు మీద తీసిన ఫోటోల్ని మాత్రం కడగకండి. ఒకదానికొకటి అంటుకుంటే ఎండనివ్వకండి, నీళ్ళలోనే ఉంచి వాటంతట అవి విడిపోయేదాకా ఆగండి. బొమ్మ పైకి ఉండేలా బ్లాటింగ్ కాగితం మీద, నీడలో, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టండి, ఎండలో పెట్టకండి. కరెంటు ఉండి చేయడానికి మనుషులు లేకపోతే, మధ్యలో వ్యాక్స్ పేపరు వేసి జిప్ కవర్లలో ఫ్రీజర్‌లో పెట్టేయండి. వీలు చిక్కాక ఒక్కో కవరే బయటికి తీసి, పూర్తిగా కరిగాక, పైన ఉన్న ఫోటో నుంచి ఒక్కొక్కటిగా వేరు చేసి ఆరబెట్టుకోవచ్చు.